తడి ఆరాక

ఒంగోలు, మంగమూరు రోడ్డు,
జిరాక్సు షాపు మీద మా ఆఫీసు.
ఐదుగురం, నాలుగు కుర్చీలు.
చీమకుర్తి క్వారీల్లో కాటాలకి
బరువు లెక్క రాసే ప్రోగ్రాం మాది.

దాని తప్పులన్నీ ఇన్నాళ్లూ
వాట్సాప్‌లో గుడ్‌మార్నింగ్ పూల కింద,
మాల్యాద్రి అరచేతి మీద,
టీ గ్లాసు గుండ్రంగా అంటిన కాగితాల మీద
ఎక్కడివక్కడ ఉన్నాయి.
"ఇట్టా కుదరదు,
బగ్గులు రాసుకోను ఒక సాఫ్ట్‌వేరు కొందాం"
అన్నాడు జీతాలిచ్చే పెంచలబాబు.
ఎంచే పని నా నెత్తిన పడింది.

మూడు చూశాను.

మొదటిది పెళ్లిమండపం.
రంగురంగుల చీటీలు ఈ గడిలోంచి ఆ గడిలోకి
జరుపుతుంటేనే పనయిపోయినంత హాయి.
మనిషికి నెలకింతని డాలర్లలో అడిగింది.
పెంచలబాబు వేళ్లు మడిచి, మళ్లీ తెరిచి
ఫ్యాను వంక చూశాడు.

రెండోది ఉచితం.
నిలబెట్టడానికి ఖాజావలికి రెండు రాత్రులు పట్టింది.
మూడో రాత్రి కరెంటు పోతే
తన పేరేంటో అదే మర్చిపోయింది.

మూడోది బూడిదరంగు.
తాలూకా ఆఫీసు ఫారంలా వరస గళ్లు:
ఎవరు చూశారు, ఎప్పుడు, ఏం చేస్తుంటే,
ఏం జరగాలి, ఏం జరిగింది.
చూస్తూనే ఆవలింత.

మొదటిదానికే నా ఓటని రాసి
కింద గీత కూడా గీశాను.

బుధవారం ఫోను. కాటా బ్రహ్మయ్య.
"అమ్మాయ్, మళ్లా తగ్గింది."
"సరిచేశాం గదా బాబాయ్."
"మూడుసార్లు చేశారమ్మా" అన్నాడు.
కోపంగా కాదు, లెక్క చెప్పినట్టు.

బస్సెక్కి పోయాను. కాటా గదికి తాళం.
"బువ్వకి పోయాడు, కూచో"
అన్నాడు రాళ్ల మధ్యనించి మార్కర్ మాలకొండయ్య.
ఆయన ముందు గది అంత నల్లరాయి,
లోపలెవరో వడ్లపొట్టు చల్లినట్టు
బంగారు మెరుపులు.
చెంబుడు నీళ్లు దాని మీద కుమ్మరించాడు.
"ఏందిది?"
"చూస్తా ఉండు."

ఎండకి తడి అంచులనించి ఆరుకుంటా వచ్చింది.
రాయంతా ఆరింది.
ఒక్క వెంట్రుక ఆరలేదు.
మూలనించి నడుం దాకా
సన్నటి తడి.

"పగులు. కంటికి దొరకదు.
నీళ్లు మాత్రం దాన్నొదిలి పోవు."
పక్కనే ఎర్రరంగుతో గీసి, తేదీ వేసి
తన పేరులో మొదటక్షరం పెట్టాడు.

"ఈ గీత ఎవరు చెరుపుతారు?"

"కోసినోడు మాత్రం చెరపకూడదు.
వాడు రాయి బాగుందనే అంటాడు,
అబద్ధమాడి కాదు, వాడి చెమట గదా అది.
మళ్లా నేనే నీళ్లు పోయాల."

బ్రహ్మయ్య చెయ్యి తుడుచుకుంటా వచ్చాడు.
మేకుకి వేలాడే నోటుపుస్తకం తీసిచ్చాడు.
తేదీ, లారీ నంబరు, తగ్గిన కిలోలు.
ఆరు నెలలు, ఒకే దస్తూరి.
నాలుగో పేజీకే నా చెవులు వేడెక్కాయి.
పదకొండున్నరకి ఖాళీగా తూగి
పన్నెండు దాటాక రాయితో తూగిన లారీలే అన్నీ.
తేదీ మారితే ఎప్పటిదో పాత ఖాళీ బరువు
పట్టుకొచ్చే ఆ వరస
రాసింది నేను.
పట్టపగలు ఒక్కసారి నడిపి చూసి
"సరిచేశాం" అన్నదీ నేనే, మూడుసార్లు.

తిరిగొచ్చి పెళ్లిమండపం వాళ్లకి ఫోన్ చేశాను.
"నా తప్పు నేనే మూసేయొచ్చా?"
"ఎవరైనా మూయొచ్చు మేడం, ఒక్క నొక్కే!"

బూడిదరంగుది మాత్రం
చూపినవాళ్లే మూసేట్టు పెట్టుకోవచ్చంది.

మాల్యాద్రి వారం రోజులు నాతో మాట్లాడలేదు.
"కాటా ముసలాయనకి లాగిన్నా?" అన్నాడు పెంచలబాబు.
ఖాజావలి చెప్పకుండానే తెలుగు అక్షరాలు పెట్టాడు.

ఒకటో నంబరు.
చూసినవారు: బ్రహ్మయ్య.
ఎవరి వల్ల, అనే గడి దాన్లో లేదు.
వెతికాను. లేదు.
కింద ఖాళీ జాగాలో నా పేరు రాశాను.

సరిచేసి నాలుగు రోజులు.
మూసే మీట నాకు కనబడుతుంది గానీ
నొక్కితే కదలదు.
ఈ రాత్రి పన్నెండు దాటాక
రామతీర్థం వైపు లారీ ఒకటి తూగాలంట.
ఫోను తలగడ కింద పెట్టుకున్నా.